క్యాలెండర్ మీది నీటి సుడి

నేను గల్ఫ్‌లో ఒక చిన్న ఓడ మీద డెక్కు కడిగే పని చేసేవాణ్ణి. సముద్రంలోని చమురు బావులకు సరుకులు చేరవేసే ఓడ అది. మాది కరీంనగర్ పక్క పల్లె. అక్కడికి పోయేదాకా మానేరు డ్యాం నీళ్లే నాకు సముద్రం. మబ్బు పట్టి గాలి లేస్తే అందరూ లోపలికి పోయేవారు. నేను మాత్రం రెయిలింగు పట్టుకుని ఫోన్‌తో ఫోటోలు తీసేవాణ్ణి. మెరుపు చిక్కేది కాదు. చిక్కినా మసకగా వచ్చేది. రెండేళ్లలో వందల ఫోటోలు చెరిపేశాను.

ఒక మధ్యాహ్నం మబ్బు అడుగు నుంచి సన్నగా తోకలాంటిది కిందికి దిగింది. దాని కింద నీళ్లు పొగలా లేచి గిర్రున తిరిగాయి. ఉప్పునీళ్లు మీద పడుతుంటే ఫోన్‌ను బనియన్‌కు తుడుచుకుంటూ తీశాను. ఒక్కటి కుదిరింది: నల్లటి మబ్బు, తెల్లటి సుడి, మూలన మా ఓడ ఎర్ర తాడు.

ఓడలోని ఆఫీసర్ అది చూసి నా భుజం తట్టాడు. "నాకు పంపు" అన్నాడు హిందీలో. పని గురించి కాకుండా ఆయన నాతో మాట్లాడటం అదే మొదటిసారి. సంబరంగా పంపాను.

తర్వాత సెలవు మీద ఇంటికొచ్చాను. తిరిగి పోయే కాగితాల కోసం నా భార్యతో కలిసి కరీంనగర్‌లో ఏజెంట్ దగ్గరికి వెళ్లాను. ఆయన వెనక గోడకు మా కంపెనీ క్యాలెండర్ వేలాడుతోంది. దాని మీద నా ఫోటో. కింద ఆఫీసర్ పేరు.

"సార్, గా ఫోటో నేను తీసిన."

ఏజెంట్ వెనక్కి తిరిగి చూసి నవ్వాడు. "నువ్వు డెక్కు కడుగుతవ్ గద తమ్మీ?"

ఫోన్ తీసి చూపించాను. "గా ఎర్ర తాడు సూడుండ్రి. నేనే సుట్టి పెట్టిన."

"ఫోన్లల్ల అందరి ఫోటోలు అందరికాడ ఉంటయ్. కంపెనీతోని పంచాయితి పెట్టుకుంటవా, పనికి పోతవా? గది జెప్పు."

నా భార్య మోచెయ్యి పట్టుకుని గుంజింది. "జర ఊకో. నీ కాగితాలు ఆపుతడు" అని నా చెవిలో చెప్పి, ఆయన వైపు తిరిగి "ఏమనుకోకుండ్రి సార్" అంది. నేనూ అదే మాట అన్నాను. ఆ దొంగతనం కన్నా, నా నోటి నుంచి వచ్చిన ఆ మాటే ఇప్పటికీ నన్ను కాలుస్తుంది.

తిరిగి ఓడెక్కాక ఆఫీసర్‌ను ఏమీ అడగలేదు. ఆయనా ఏమీ ఎరగనట్టే ఉన్నాడు. కొన్నాళ్లకు మళ్లీ మబ్బు కిందికి దిగింది. "ఫోన్ పట్టుకుని రా" అని పైనుంచి కేకేశాడు.

"ఖరాబైంది సార్" అన్నాను. వంటగదిలోకి పోయి, ఎవరూ చెప్పకపోయినా అన్నం గిన్నె తోముతూ కూర్చున్నాను. బయట మనుషుల అరుపులు వినిపించాయి. ఈసారి రెండు సుడులు పక్కపక్కనే లేచాయని తర్వాత వంటవాడు చెప్పాడు. ఆఫీసర్ తీసినవన్నీ మసకగా వచ్చాయట. అది విని సంతోషపడదామనుకున్నాను. ఏడుపొచ్చింది.