నాన్నకు భార్య లేదన్నాను

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు, ఒక్క మాట. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా నాన్న సైన్యంలో హవల్దార్‌గా చేసి రిటైరయ్యాడు. తార్నాకలో రెండు గదుల ఇంట్లో అద్దెకుండేవాళ్లం. నేను పదో తరగతిలో ఉండగా అమ్మ పోయింది. మూడేళ్ల తర్వాత నాన్న సుగుణ పిన్నిని చేసుకున్నాడు. గుళ్లో దండలు మార్చుకున్నారు, అంతే. రిజిస్టర్ చేయించలేదు. సైన్యం రికార్డుల్లో ఆమె పేరు ఎక్కించాలని అంటూనే ఉండేవాడు. ఆ పని కాకముందే ఒక ఉదయం యూనివర్సిటీ క్యాంపస్‌లో నడకకు వెళ్లి, అక్కడే కుప్పకూలిపోయాడు.

నేనప్పుడు ఆ క్యాంపస్‌లోనే ఎం.ఏ. చదువుతున్నాను. ఇల్లు నడిచి వెళ్లేంత దూరమే అయినా హాస్టల్లో ఉండేదాన్ని. పిన్ని ఉన్న ఇంట్లో ఉండలేక. ఆమె నన్నేమైనా అన్నదా? ఒక్కసారి కూడా లేదు. నాకు జ్వరమొస్తే జావ కాచుకొచ్చి హాస్టల్ గేటు దగ్గర నిలబడేది. నేను కిందికి దిగేదాన్ని కాదు. రూమ్మేట్‌ను పంపేదాన్ని.

మాజీ సైనికుడు చనిపోతే ఫ్యామిలీ పెన్షన్ భార్యకు వస్తుంది. సైనికుల ఆసుపత్రిలో వైద్యానికి కార్డూ ఉంటుంది. భార్య లేకపోతే పెన్షన్ పెళ్లికాని కూతురికి, పాతికేళ్లు నిండేదాకా. ఇదంతా నాన్న పోయాక సైనికుల పెన్షన్ ఆఫీసులో కూర్చున్నాకే నాకు తెలిసింది. అక్కడి పెద్దాయన మంచివాడు, నాకు టీ కూడా తెప్పించాడు. మీ నాన్న మళ్లీ పెళ్లి చేసుకున్నాడా అని అడిగాడు. నా ముందున్న ఫారంలో భార్య అన్నచోట అమ్మ పేరు, పక్కన 'మరణించారు' అని ఉంది. దాని కింద ఇంకో పేరు రాయాలి.

లేదన్నాను.

తర్వాత అదే మాట ఆ కాగితం మీద రాసి సంతకం పెట్టాను. చదువు ఆగిపోతుందన్న భయమా? చాలా ఏళ్లు నాకు నేను అలాగే నచ్చజెప్పుకున్నాను, భయపడ్డవాళ్లను చూస్తే ఎవరికైనా జాలి కలుగుతుంది కాబట్టి. నిజం అది కాదు. అమ్మ పేరు కింద ఆమె పేరు చూడలేకపోయాను. ఆమె అసలు లేకుండా పోవాలనుకున్నాను, అందుకు నా నోటిమాట ఒక్కటి చాలని తెలిసే అన్నాను.

నెల తిరగ్గానే పిన్ని క్యాంపస్‌కి వచ్చింది. లైబ్రరీ మెట్ల మీద నాకోసం కూర్చుని ఉంది.

"బిడ్డా, ఆఫీసుకు పోయిన. ఇంటోళ్లు ఎవరన్న చెప్తె అయితదన్నరు. నువ్వొచ్చి ఒక్క మాట చెప్తవా?"

"చెప్పిన పిన్నీ. వాళ్లు నా మాట ఇంటలేరు."

ఆమె నా మొహంలోకి చూసింది. నమ్మింది.

"పోనీ తియ్యి. నువ్వు మాత్రం ఏం జేస్తవ్? నాకు రాకపాయె, నీకన్న వస్తది గద. మంచిగ చదువుకో."

నా తల మీద చెయ్యి పెట్టింది. నేను తప్పించుకోలేదు. ఆ రోజు నేను ఆమెకు ఇచ్చింది అదొక్కటే.

పిన్ని ఇల్లు ఖాళీ చేసి వారాసిగూడలో తన చెల్లెలి దగ్గరికి చేరింది. హబ్సిగూడలో ఒక టిఫిన్ సెంటర్లో పనికి కుదిరింది. నాలుగేళ్లకు చూపు పక్కల నుంచి మూసుకురావడం మొదలైంది. ఒక పూట పని పోతుందని ఆసుపత్రికి వెళ్లలేదు. వెళ్లేసరికి ఆలస్యమైందన్నారు డాక్టర్లు. ఆ కార్డు చేతిలో ఉంటే ముందే వెళ్లేదా? వెళ్లేదేమో. ఆ 'ఏమో' నన్ను వదలదు. ఇప్పుడామెకు రెండు కళ్లూ కనిపించవు.

నిరుడు మళ్లీ ఆ ఆఫీసుకు వెళ్లాను. పెద్దాయన లేడు. కొత్తాయన అంతా విని, నా సంతకం అబద్ధమని నేను రాసివ్వాలన్నాడు, కోర్టులో పెళ్లి రుజువు చేయాలన్నాడు. పెళ్లి చేసిన పూజారి చనిపోయాడు. ఉన్న ఒక్క ఫోటో ఇల్లు మారేటప్పుడు పోయింది. వకీలు పెదవి విరిచాడు. అయినా కేసు వేయొచ్చు. వేయాలంటే ముందు పిన్నికి చెప్పాలి.

అక్కడే ఆగిపోయాను. శిక్షంటే భయమా? అదీ ఉంది. కానీ చెల్లెలి ఇంట్లో ఒక మూల బతికే మనిషికి, నా బిడ్డ అని చెప్పుకోవడానికి నేనొక్కదాన్నే ఉన్నాను. చెబితే అది కూడా లాక్కున్నట్టే కదా? లేక ఇది కూడా నన్ను నేను కాపాడుకునే సాకేనా? తెలియడం లేదు.

ప్రతి ఆదివారం వెళ్తాను. తల దువ్వి జడ వేస్తాను. మొన్న దువ్వుతూ "పిన్నీ" అన్నాను. ఆమె తల తిప్పి, వినడానికి ఆగింది. నూనె రాసి, జడ వేసి వచ్చేశాను.

మీకు చెప్పడం వల్ల ఆమెకు చూపు రాదు, పెన్షనూ రాదు. క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. కానీ నేను చేసింది ఇప్పుడు నాతోపాటు ఇంకొకరికి తెలుసు. దానికే కాస్త ఊపిరి ఆడుతోంది.