గేటు ముందు అరటాకు

నిన్న ఉగాది ఉదయం, మా వీధిలో ఒక గేటు ముందు తడి అరటాకు మీద బియ్యం, పూలు చూసి ఆగిపోయాను.

తొంభైల చివర మేము విశాఖ ఉక్కునగరం క్వార్టర్లలో ఉండేవాళ్ళం. పక్క క్వార్టరులో మణిపూర్ నుంచి వచ్చిన మెయితెయి కుటుంబం ఉండేది. వారి అమ్మాయి లిన్‌తోయి నా నేస్తం. ఒక ఉగాది నాడు వారి గేటు ముందు కూడా ఇలాగే ఆకులో బియ్యం, కూరగాయలు, పూలు కనిపించాయి.

"ఓలమ్మో, ఎవులో దిష్టి తీసి ఆల్ల గుమ్మంలో పెట్టేసినారే! దాటితే ఆ పిల్లకేటైనా అయిపోద్ది," అంది ఆనందపురం నుంచి వచ్చిన నాన్నమ్మ.

నేస్తాన్ని కాపాడాలని నేను చీపురు తెచ్చి, ఆకుతో సహా అంతా కాలువలోకి ఊడ్చేశాను. అప్పుడే లిన్‌తోయి నాన్న గరిటెతో బయటికి వచ్చారు. ఆ రోజు వారిళ్ళలో మగవారే వండుతారట.

"ఇవాళ మాకు కూడా కొత్త సంవత్సరం, పాపా. ఏడాదంతా ఇల్లు బాగుండాలి అని దేవుళ్ళకి పెట్టాం," అన్నారు మెల్లగా. ఆయన కోప్పడలేదు కానీ ముఖం చిన్నబోయింది. వారి ఏడాదంతా పాడుచేశానని నాకు ఏడుపొచ్చింది.

నాన్నమ్మ లోపలికి వెళ్ళి చేటలో బియ్యం తెచ్చింది. "దాన్నేటీ అనకు బాబూ, సెప్పింది నాను. మా బియ్యం మీ దేవుళ్ళకి పనికొత్తాయేటి?"

"పనికొస్తాయి అమ్మా. చీపురు మాత్రం లోపల పెట్టండి," అని ఆయన నవ్వి, కొత్త ఆకు పరిచారు. నాన్నమ్మ వంగి, తన చేత్తోనే బియ్యం పోసింది.

తప్పు ఒప్పుకోవడం అంత సులువైన పని అనుకున్నాను ఆ రోజు. అదెంత కష్టమో పెద్దదాన్నయ్యాక, నా వంతు వచ్చినప్పుడు తెలిసింది.