చిత్రిక పట్టిన తలుపు

చెక్క గడులకు కాగితం అంటించే తలుపులు చేసి బతికిన కిసాబురోకు ఎడమకన్ను కుర్రతనంలోనే చెక్కపేడు తగిలి పోయింది. భార్య సుగి చనిపోయిన ఏడాది, ఇంట్లో తాను చేసిన తలుపు గడులు వంగాయనుకుని చట్రానికి చిత్రిక పట్టాడు. నిజానికి చెక్క వంగలేదు. కుడికంట్లో పిచ్చిగా పుట్టిన రక్తనాళాలు కారి, తిన్నని గీతల్ని వంకరగా చూపిస్తున్నాయి.

ఆసుపత్రిలో చేతినరానికి మందెక్కించి, అది కంటికి చేరాక లేజరు వెలుగు పెట్టారు. ఐదు రోజులు ఎండ తగలనివ్వద్దన్నారు. చీకటింట్లో చల్లన్నం మీద వేడి టీ పోసుకు తింటూ, పూజాపీఠం మీది ఫొటోలో సుగి ముఖం మళ్ళీ కనిపిస్తే చాలనుకున్నాడు.

మూడు నెలలకు డాక్టరమ్మ పరీక్షించింది.

"కారడం ఆగింది తాతగారూ. పోయిన చూపు మాత్రం రాదు. ఇక తలుపుల జోలికెళ్ళకండి."

"ఆలస్యంగా చెప్పావమ్మా. ఒకదాన్ని చెక్కేశాను."

ఇంటికొచ్చి ఫొటో ఎదుట కూర్చున్నాడు. సూటిగా చూస్తే ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చే ఉంది. చెక్కేసిన తలుపు చట్రం సందులోంచి చలిగాలి కొట్టింది. విసుగ్గా పక్కనున్న ఆ తలుపు వైపు తిరిగాడు. అప్పుడు కంటి అంచున, ఫొటోలోని సుగి ముఖం మసకగా కనిపించింది.

"తిట్టవే, పాడుచేశాను" అన్నాడు, తలుపు మీంచి చూపు తిప్పకుండా.