తలుపు చాటు యంత్రం

ఇందులో ప్రతి అక్షరమూ నిజం. కోటప్పకొండ మీది స్వామి సాక్షిగా కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని, ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే అచ్చువేసేవాళ్లు సర్దుకోవాలి. నా మాట సగానికి కోసుకుని వినే అలవాటున్నవాళ్లు మా పల్నాటిలో చాలామంది ఉన్నారు కాబట్టి ఇంత ప్రమాణం అవసరమైంది.

మొన్న సత్తెనపల్లిలో పొలం కాగితం నకలు కోసం ఒక కంప్యూటర్ సెంటరుకు వెళ్లాను. అక్కడ కూర్చున్న అమ్మాయి మీట నొక్కింది. తెర ఏమీ అనలేదు. మళ్లీ నొక్కింది. "ఏంది బాబాయ్, చచ్చిందా ఏంది ఇది?" అంటూ వడ్రంగి పిట్టలా పొడుస్తూనే ఉంది. "ఆగమ్మా, అది ఊరుకుందంటే పని చేస్తున్నట్టు" అన్నాను. నన్ను ఎగాదిగా చూసింది. అంతలో ప్రింటరు నిద్రలేచి నా ఎకరం ముప్పావు పొలాన్ని పదకొండుసార్లు అచ్చువేసి ఇచ్చింది. ఒక్క పూటలో అంత భూస్వామినైనందుకు నాకు సంతోషమే. "నీకెట్టా తెలుసు బాబాయ్?" అని అడిగింది. మా అత్తగారు నేర్పారన్నాను. పడీపడీ నవ్వింది. ఆ నవ్వుకు జవాబు చెప్పాలంటే మొదటినుంచీ రావాలి.

ఎనభైల చివర నేను నరసరావుపేటలో ఒక నూలు మిల్లులో గుమాస్తాను. పెళ్లయి ఏడాది. మా ఆవిడ పురిటికని పుట్టింటికి వచ్చింది. ఆ పుట్టిల్లు మిల్లుకు సైకిలు మీద అయిదు నిమిషాలు, నా సొంతూరు గురజాల అవతల. అందుచేత నేనూ పురిటికి వచ్చినవాడిలాగే అత్తవారింటి ముందుగదిలో మకాం పెట్టాను. సరిగ్గా అప్పుడే మిల్లువాళ్లు కంప్యూటరు కొన్నారు. పెళ్లిలో పెట్టిన బీరువా అంత ఉండేది, దానికి నాలుగు తెరలు. నలుగురు ఒకేసారి కూర్చుని పనిచేసుకోవచ్చు. ఆ నలుగురిలో ఎవరు ఏ కాగితం చూడొచ్చో, ఎవరు చూడకూడదో తేల్చడానికీ, రోజూ ఉన్నదంతా టేపు మీదికి నకలు తీసి దాచడానికీ ఒక పెద్దమనిషి కావాలి. ఆ పెద్దరికం పేరు సిస్టం అడ్మినిస్ట్రేటరు. దానికొక పరీక్ష, సర్టిఫికెట్టు.

మేనేజరు పిలిచి విషయం రెండు ముక్కల్లో చెప్పాడు. "మూడు నెల్లకి గుంటూర్లో పరీక్ష. పాసైతే ఆ కంప్యూటరు గది నీది. తప్పితే హైదరాబాదు నించి ఇంకో మనిషి దిగుతాడు, నువ్వు మాచర్ల పత్తి కొనుగోలుకి పో." మాచర్ల మీద నాకేం కోపం లేదు. కానీ పుట్టబోయే బిడ్డను వారానికోసారి బస్సు దిగి చూసి, అది నన్ను గుర్తుపట్టేలోపు మళ్లీ బస్సెక్కడం నావల్ల అయ్యే పని కాదు. పోనీ చదువుదామంటే కంప్యూటరు గదికి తాళం. సర్టిఫికెట్టు లేనివాడు ముట్టుకోకూడదని షరతట. "ముట్టుకోకుండా ఎట్టా నేర్చుకోవాలండీ?" అన్నాను. "అదేరా పరీక్షంటే" అని ఆ యంత్రం పుస్తకానికి తీసిన జిరాక్సు కట్ట ఒకటి, మూడంగుళాల మందాన ఉన్నది, చేతిలో పెట్టాడు.

నేనొక పీట తిరగేసి దాని మీద సుద్దతో మీటలన్నీ గీసుకున్నాను. రోజూ పొద్దున మిల్లుకు వెళ్లేముందు ఒక గంట, సాయంత్రం ఒక గంట దాన్ని వాయించేవాణ్ని. నొక్కిన అక్షరం పైకి చెప్పాలి, రెండు మాటల మధ్య ఖాళీ వదిలినప్పుడు 'జాగా' అనాలి. జిరాక్సు కట్ట పట్టుకుని ఎదురుగా కూర్చుని, యంత్రం ఏం జవాబిస్తుందో చదివి చెప్పే పని మా ఆవిడది. కానీ ఆమెకు జాలెక్కువ. తప్పు నొక్కితే "అది కాదేమో, చూసుకోండి" అని కళ్లతో సైగ చేసేది. సైగలు చేసే యంత్రాన్ని ఏ కంపెనీవాడూ తయారుచేయడు.

నాలుగోరోజు అనుకుంటాను, నడిమింటి తలుపు చాటు నుంచి ఒక గొంతు వినిపించింది. "ఏమే, అల్లుడుగారికి చెప్పు, మూడో అక్షరం తప్పు."

ఆ గొంతు మా అత్తగారిది. ఆ రోజుల్లో మా వైపు అత్తగారు అల్లుడి ఎదుటపడటం, నేరుగా మాట్లాడటం ఉండేవి కావు. ఏడాదిగా నేను చూసింది ఆవిడ చీర కొంగు, గుమ్మం పక్కన నీడ, నా కంచంలో పడే నెయ్యి. అంతే. ఆవిడ నాన్నగారు పోస్టుమాస్టరుగా చేశారట. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని తంతి మీద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటీ కాగితం మీద రాసిపెట్టేదట. మాటలకు అర్థం తెలియదు గానీ అక్షరం పోతే మాత్రం ఒప్పుకునే మనిషి కాదు. ఆ పూటే జిరాక్సు కట్ట తలుపు అవతలికి వెళ్లిపోయింది.

మొదటిరోజు నేనొక ఆజ్ఞ సాంతం చెప్పి జవాబు కోసం చూశాను. తలుపు అవతల చప్పుడు లేదు. మళ్లీ చెప్పాను. లేదు. "ఏమే, మీ అమ్మ నిద్రపోయిందేమో చూడు" అన్నాను. మా ఆవిడ వెళ్లి నవ్వాపుకుంటూ వచ్చింది. "రైటుగా చెప్తే మాట్లాడేదేముంది అంటోంది. పుస్తకంలోనూ అట్నే ఉందంట."

కట్ట తెప్పించి చూసుకుంటే నిజమే. చెప్పిన పని సవ్యంగా అయితే ఆ యంత్రం ఏమీ అనదు, తప్పయితేనే నోరు తెరుస్తుంది. ఆ పద్ధతి కనిపెట్టిన దొర ఎవరో గానీ, అతను తప్పకుండా అత్తవారింట్లో కొన్నాళ్లుండి వెళ్లినవాడే. అరుగు మీద కూర్చుని ఇదంతా వింటున్న మా మామగారు మాత్రం నిట్టూర్చారు. "నీకు పుస్తకమన్నా ఉందయ్యా. నేను ముప్పయ్యేళ్ల నించి ఆ యంత్రంతోనే ఉన్నా, నాకు అదన్నా ఇవ్వలా."

ఒకసారి 'ఓల్డ్' అనే మాటతో మొదలయ్యే పాత కాగితాలన్నీ చెరిపేయమని ఆజ్ఞ ఇవ్వాలి. ఆ మాట వెంటనే నక్షత్రం గుర్తు పెట్టాలి. నేను మధ్యలో 'జాగా' అన్నాను. తలుపు అవతల నిశ్శబ్దం. ఒప్పయిందనుకుని పీట పక్కన పెట్టి కాళ్లు బార్లా చాపుకున్నాను. అప్పుడు వచ్చింది కబురు. "ఏమే, అల్లుడుగారు ఇల్లంతా ఊడ్చి పారబోశారని చెప్పు. ఇప్పుడు యంత్రంలో ఏం లేదు." జాగా వదిలితే నక్షత్రానికి 'అన్నీ' అని అర్థమట, ఉన్నవన్నీ పోతాయట! మరి ఆపలేదేమని అడిగించాను. "ఆపమని పుస్తకంలో లేదు." అంతటితో వదల్లేదు. యంత్రం పోయింది కాబట్టి మొదటి పేజీ నుంచి అన్నీ మళ్లీ పెట్టుకోమన్నారు. రెండు రోజులు అదే పని. ఆ తర్వాత నా జన్మలో ఆ తప్పు చేయలేదు.

పరీక్షకు పది రోజులుందనగా ఆడపిల్ల పుట్టింది. ఇంట్లో హడావుడి చూసి ఇక యంత్రం మూతపడిందనుకున్నాను. మూడోరోజు పొద్దున తలుపు అవతల రోట్లో బాలింతకు కాయం మందు నూరుతున్న చప్పుడు, మధ్యలో ఆగి, "అల్లుడుగారు మొదలుపెట్టొచ్చు" అన్న మాట. మా ఆవిడ మంచం మీద ఉంది కాబట్టి ఆ మాట ఎవరి ద్వారా రావాలో ఆవిడకూ తోచినట్టు లేదు. పొత్తిళ్లలో ఉన్న నా కూతురితో చెప్పారు. అది ఆవలించింది.

గుంటూరులో పరీక్ష రాసినవాళ్లం ఆరుగురం. రాతపరీక్ష గట్టెక్కింది. తర్వాత ఒక్కొక్కరినీ పిలిచి అసలు యంత్రం ముందు కూర్చోబెట్టారు, మిగతావాళ్లం వెనక బల్ల మీద. ఉన్నదంతా టేపు మీదికి నకలు తీసి చూపించాలి. నా ముందు వెళ్లిన ఇద్దరూ పట్నాల్లో చిన్న కంప్యూటర్ల మీద నేర్చుకున్నవాళ్లు. అవి పనైన ప్రతిసారీ అయిందని కబురు చెబుతాయి. ఇది చెప్పలేదు. మొదటాయన నొక్కిందే నొక్కీ నొక్కీ, చివరికి పని ఆపే మీట కూడా నొక్కేశాడు. రెండో ఆయన టేపు ఇరుక్కుందని చేత్తో లాగేశాడు. మూడోవాణ్ని నేను. నిజం మీట లోపలికి దిగుతుందని నాకు అప్పటివరకూ తెలియదు. మొదటి అక్షరానికే ఉలిక్కిపడ్డాను. ఒక్కో అక్షరం గొణుక్కుంటూ, జాగా దగ్గర 'జాగా' అనుకుంటూ ఆజ్ఞ పూర్తిచేసి చేతులు కట్టుకు కూర్చున్నాను. తెర నల్లగా ఉండిపోయింది. అయిదు నిమిషాలు. మాచర్ల బస్సు కళ్లముందు ఒకసారి వెళ్లింది, దాని వెనకే మా పాప ఆవలింత.

పరీక్షాధికారి వంగి, "ఏం చేస్తున్నారు?" అన్నాడు.

"ఊరుకున్నానండి."

"పని జరుగుతోందని ఎలా తెలుసు?"

"తప్పయితే ఈపాటికి అనేసేదండి."

"ఎవరు?"

"మా అత్తగారు" అన్నాను, నోరు జారి.

ఆయన ఏదో అడగబోయాడు. అంతలో టేపు ఆగింది. పనైంది, తర్వాతి ఆజ్ఞ చెప్పమన్నట్టు తెర మీద చిన్న గుర్తొకటి వచ్చి నిలబడింది.

వారానికి పాసైనట్టు ఉత్తరం వచ్చింది. ముందుగదిలో నిలబడి పైకి చదివాను. తలుపు చాటు నుంచి మా అత్తగారు మొదటిసారి 'ఏమే' లేకుండా, నేరుగా నాతోనే, "నాకు ముందే తెలుసు నాయనా" అన్నారు.

ఇక్కడ గుండె మీది కుడిచెయ్యి తీసేస్తున్నాను. పొలం పదకొండుసార్లు అచ్చయిందన్నది కొంచెం పెంచాను, అయిదే. అది పెద్ద అబద్ధం కాదు. అసలు అబద్ధం ఆ చివరి మాట. అత్తగారు ఏమీ అనలేదు. ఉత్తరం చదివినంతసేపూ గుమ్మం పక్కన ఆవిడ నీడ కదలకుండా ఉంది. చదవడమైపోయాక లోపలికి వెళ్లిపోయారు. అప్పట్లో నాకు అదే నిండుగా అనిపించింది, ఇంకేం కావాలనిపించలేదు. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఈ కథ చెప్పిన ప్రతిసారీ ఆ ఒక్కమాట నేనే కలుపుతున్నాను. వయసులో ఉన్నప్పుడు మౌనంతో సరిపెట్టుకోగలిగిన మనిషికి, కాలం గడిచేకొద్దీ మాట కూడా వినాలనిపిస్తుంది కాబోలు.