సూర్యం మావయ్య గుమ్మం వైపు

మా చిన్నప్పుడు ఎవరింటి సబ్బు ఏ రంగో వీధంతటికీ తెలిసేది... హార్బరు క్వార్టర్స్‌లో కుళాయి ఒక్కటే కదా. మాది ఎర్ర సబ్బు. ఎదురింటి సూర్యం మావయ్యది వేపాకు పచ్చ. ఒంటికి దురదని ఆ సబ్బు వీధిలో ఆయనొక్కడే వాడేవాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి... మళ్లీ ఇక్కడికే వస్తాను.

నాన్న గోదావరి వైపు నుంచి పోర్టు పనికి వచ్చినవాడు. మావయ్య ఇక్కడివాడే, నాన్నతో ఒకే షిఫ్టు. చుట్టరికం ఏమీ లేదు, ఒకరినొకరు ‘బావా’ అనుకునేవారు, అంతే. నాన్నకో పాత మోటారు సైకిలు ఉండేది. ఒక ఆదివారం మావయ్య దాన్ని అడిగి సబ్బవరం తీసుకెళ్లాడు. సాయంత్రం బుద్ధిగా తెచ్చి, స్టాండు వేసి వెళ్లిపోయాడు.

సోమవారం నాన్న డ్యూటీ నుంచి వచ్చేసరికి ప్యాంటు నిండా ఇంజనాయిలు... బండి కింద నల్లటి మడుగు. ఇంజను పక్కనుండే అల్యూమినియం కవరు జానెడు పొడుగున చీలి ఉంది.

మావయ్య గుమ్మంలో కూర్చుని వేరుశెనక్కాయలు వలుచుకుంటున్నాడు.

“పిల్లలన్నాక ఏదో సేత్తారు బావా, ఒగ్గీ. నిన్న రేత్రి ఈడే బండెక్కి ఊగిపోతన్నాడు. నాను సూసాను. పడేసుంటాడు.”

నేను బండెక్కి ఊగే మాట నిజమే... రోజూ ఊగేవాణ్ణి. పడేయలేదు. ఆ మాట చెప్పేలోపే నాన్న బెల్టు తీశాడు. వీధి వీధంతా చూసింది. నాకు పదేళ్లు. దెబ్బలు వారంలో మానిపోయాయి గానీ... “ఇంక సాల్లే బావా, పసోడు” అంటూ ఆయనే వచ్చి విడిపించాడు చూశారూ, అది మానలేదు.

తర్వాతి ఆదివారం నాన్న కవరు విప్పి, గోనెసంచిలో చుట్టి, నా చేత మోయించుకుని పాత టౌన్లో అతుకులేసే మస్తాన్ భాయ్ దగ్గరికి తీసుకెళ్లాడు. తప్పు చేసినవాడే మోయాలని కాబోలు.

అల్యూమినియం అతకడం అందరి వల్లా అయ్యే పని కాదు. ఇనుము కరిగే ముందు ఎర్రబడి చెబుతుంది. ఇది రంగు మారదు... చూస్తుండగానే కిందికి కారిపోతుంది. అందుకని భాయ్ దాని మీద సబ్బు గీత గీసి మంట పెట్టేవాడు. గీత నల్లబడిందంటే వేడి సరిపోయిందని గుర్తు. అప్పుడు పాత పిస్టన్ ముక్కని కరిగించి చీలికలో పోసేవాడు. నాకు చదువు బడిలో కంటే ఇలాంటి కొట్ల ముందే ఎక్కువ అబ్బింది, అది వేరే కథ.

నేనే పడేశానని నాన్న చెబుతుంటే వింటూ, మంట పెట్టే ముందు భాయ్ చీలికని తీగతో గీకాడు. ఆగాడు. మళ్లీ గీకి, వేలి మీద పెట్టుకుని వాసన చూశాడు.

“అరే... సబ్బు. నేనింకా గియ్యనేలేదు, ముందే ఎవుడో కూరేశాడు. పెట్రోలు ట్యాంకు కారితే సబ్బు ఎడతారు గానీ ఇంజనుకి ఎడతారేటి? వేడెక్కితే కరిగిపోదా? ఇది పిల్లోడి బుర్రకి తట్టే పని కాదు అన్నా. ఎవుడో పెద్దోడే.”

వేలి మీద వేపాకు పచ్చ.

నాన్న ఆ వేలి వైపు చూశాడు... తర్వాత నా వైపు చూశాడు.

అతుకు పడింది. బొటనవేలంత లావు, వంకరటింకరగా, గొంగళిపురుగులా. భాయ్ నున్నగా చేద్దామని ఆకురాయి అందుకున్నాడు.

“రుద్దొద్దు,” అన్నాను.

“అసయ్యంగా కనపడద్ది బాబూ.”

“కనపడాలి.”

నాన్న ఆకురాయిని పక్కకి నెట్టి, “ఉంచెయ్ భాయ్,” అన్నాడు.

కొట్టినందుకు నాన్న నాతో ఎప్పుడూ ఏమీ అనలేదు. కానీ ఆ రోజు నుంచి, డ్యూటీలో ఎంత అలిసిపోయినా సరే, బండిని ముందుకీ వెనక్కీ తోసి, ఆ అతుకు సరిగ్గా మావయ్య గుమ్మానికి ఎదురుగా వచ్చేలా నిలబెట్టాకే లోపలికి వచ్చేవాడు. పొద్దున్నే లేచి బూడిదా కొబ్బరిపీచూ పెట్టి దాన్ని తళతళలాడేలా తోమడం నా వంతు.

పది రోజులు ఓర్చుకున్నాడు మావయ్య.

“బావా, బండి అటు తిప్పెట్టకూడదేటి? ఎండకి మెరిసి మా ఇంట్లోకి కొడతంది.”

“అల్యూమినియం కదా బావా... మెరుస్తుంది మరి,” అన్నాడు నాన్న.

ఆ క్వార్టర్స్‌లో ఉన్నన్నాళ్లూ తిప్పలేదు.

నాన్న పోయాడు. బండి గాజువాకలో మా వాకిట్లో ఉంది. పోయిన నెల మావయ్య మనవడి పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి వచ్చాడు. ఎనభై దాటాయి, చేతికర్ర వచ్చింది. కూర్చుంటూ బండిని చూశాడు.

“ఇంకా ఉంచావేటిరా దీన్ని?”

“ఉంచాను మావయ్యా. నేను పడేశానన్నారు కదా అప్పట్లో... గుర్తుందా?”

టీ ఊదుకుని, ఊదుకుని తాగాడు. “ఏటో... ఇప్పుడేటీ గుర్తుండట్లేదురా నాకు.”

‘నేనేరా’ అన్న ఒక్క మాట చాలు నాకు. ఆయన పెదవి దాకా వచ్చినట్టే అనిపించింది... రాలేదు. ఎండ తగులుతోందని చెప్పి ఆయన కుర్చీ కొంచెం ఇటు జరిపాను... అతుక్కి సరిగ్గా ఎదురుగా. ఇంకో టీ కూడా ఇచ్చాను.

ఇప్పుడు కవరు పగిలితే ఫోన్లో కొత్తది తెప్పించేస్తున్నారు. మనిషితో చెడితే అదే ఫోన్లో బ్లాక్ చేసేస్తున్నారు... అతుకూ మిగలదు, దాన్ని తోముకునే ఓపికా లేదు. మీ వాకిట్లోనూ ఎవరి గుమ్మం వైపో తిప్పి పెట్టిన వస్తువు ఏదైనా ఉందా? ఉంటే కింద రాయండి... పేర్లు అడగనులెండి.