జరీతో అతికిన స్పీకరు వైరు

మా మామ పోయారని పెనుకొండ నుంచి మా అన్న ఫోన్ చేసేసరికి నేను మా అత్త నోటి దగ్గర గంజి గ్లాసు పట్టుకుని బతిమాలుతున్నాను. ఎదురింటివాళ్లు ఫోనని కేకేస్తే పరుగెత్తాను. "పాపా, మీ మామ నీళ్లు తాగను రైలు దిగి కొళాయి కాడ్నే పడిపోయినాడమ్మా. కబురు తెలిసి నేను పోయేతలికే అయిపోయిండాది" అన్నాడు. ఏడుస్తూనే, "సెట్టు మాత్రం పక్కసీటాయన భద్రంగా దింపి ఇచ్చినాడు" అన్నాడు. మనిషి పోతే సెట్టు ఎవడిక్కావాలని అన్న మీద విరుచుకుపడ్డాను. ఆ పాటల సెట్టు కోసమే ఆయన హిందూపురం పోయి, బాగుచేయించుకుని తిరిగొస్తున్నారు. అది బాగైతేనే మా అత్త ముద్ద మింగుతుందని ఆయన ఆశ.

మామ ధర్మవరంలో పట్టుచీరలు నేసేవారు. పాట లేకపోతే, అడ్డపోగు తీసుకుపోయే నాడె ఆయన చేతిలో కదిలేది కాదు. హిందూపురంలో ఒక మెకానిక్ చేత కూర్పించిన సెట్టు, దానికి రెండు పెద్ద స్పీకరు పెట్టెలు, మగ్గానికి చెరో పక్కా పెట్టుకున్నారు. కొత్త కోడలిగా వచ్చినప్పుడు నాకు తలనొప్పి లేచేది. "ఇది ఇల్లా, పెండ్లి పందిరా మామా?" అని ఒకరోజు అడిగేశాను. ఆయన నవ్వి, "పందిరే అనుకోమ్మా. నువ్వు ఇంగా పెండ్లికూతురివే కదా, పని జాస్తి చెప్పంలే" అన్నారు. కోడలు నోరు చేసుకుందని ఎవరితోనూ అనలేదు. ఆ రోజు నుంచి నా తలనొప్పికి నేనే బామ్ రాసుకున్నాను.

తర్వాత అత్తకు పక్షవాతం వచ్చింది. కుడిపక్కంతా పడిపోయింది, మాట పోయింది. మగ్గం గది పెరట్లో విడిగా ఉంటుంది, నేసేవాళ్లు కాళ్లు దించి కూర్చునే గుంత పోగా మంచం పట్టే చోటు అందులో లేదు. ముందుగదిలో పడుకోబెట్టాం. ఆమె తిండి మానేసింది. నోట్లో పెడితే పెదవుల పక్కనుంచి కార్చేసేది. ముద్ద లోపలికి పోకపోతే మందులతో లాభం లేదని డాక్టరు చెప్పేశాడు.

మామ ఊరుకునే మనిషి కాదు. మట్టికుండ మూతికి ఇంకో స్పీకరు బిగించి అత్త తల దగ్గర పెట్టారు. మగ్గం గదిలోని సెట్టు నుంచి పెరడు దాటించి వైరు లాగారు. ఆమెకు ఇష్టమైన పాటలన్నీ వేశారు. ఆమె మొహం తిప్పుకుంది. 

కాసేపటికి ఏమనుకున్నారో, సెట్టుకు ఒక మైకు తగిలించి మగ్గం మీది గడకు కట్టారు. తన పాటలు కాదు, తన మగ్గం చప్పుడు ఆమెకు పంపాలని! పెండ్లయినప్పటి నుంచీ అత్త ఆ చప్పుడు వింటూనే వంట చేసింది, అది ఆగితే కాఫీ తీసుకుపోయింది. తీరా మైకు పెడితే పక్కనున్న పెట్టెల వల్ల సెట్టు కీచుమని ఊరంతా వినబడేలా కూసింది. పెట్టెలు తీసేస్తేనే కూత ఆగుతుందని తేలింది. పాట లేనిదే నాడె వేయని మనిషి ఆ రెండు పెట్టెలూ తీసి అటక మీద పడేశారు. నాకు మనసొప్పక "అయ్యో మామా, మీ పాటలు!" అన్నాను. "మైకుకూ పాటకూ పడదంటమ్మా. నాకూ మీ అత్తకూ పడింది, సాల్లే" అన్నారు.

కుండలోంచి మగ్గం దెబ్బ వినబడగానే అత్త కళ్లు అటు తిరిగాయి. దెబ్బ దెబ్బకూ నేను ఒక చెంచా గంజి పోశాను. మింగింది. మధ్యమధ్యలో మామ నేత ఆపకుండానే, "ఏమే, మింగినావా? కోడలిపిల్లని యేడిపించొద్దే" అని కేకేసేవారు. అత్త పెదవి ఒకపక్కకు వంకరగా నవ్వేది. అలా ఆమె ప్రాణం నిలబడింది.

ఈ వానలకు ఇల్లు కారి మంచం అవతలి గోడకు జరపాల్సి వచ్చింది. వైరు అందలేదు. బజారుకు పోతే వైరు దొరుకుతుంది. ఆయన పోలేదు. మిగిలిన జరీ పోగులు పేని, రెండు తాళ్లు చేసి, వైరు కొసలకు ముడివేసి స్పీకరు దాకా లాగారు. "దీంట్లో రాగీ వెండీ రెండూ ఉండాయి. ఇంతకంటే మంచి వైరు యాడ దొరుకుతాదమ్మా?" అని మురిసిపోయారు. నిజంగానే పలికింది! నేనూ మురిసిపోయాను. తొడుగులేని ఆ జరీ తాళ్లు రెండూ జారి ఒకదానికొకటి తగిలేదాకానే ఆ సంబరం. మగ్గం గదిలో సెట్టు పొగ చిమ్మి ఆగిపోయింది.

అత్త మళ్లీ పండ్లు బిగించింది. మామ నెత్తి కొట్టుకున్నారు. "నా జరీనే నా కొంప ముంచెనే" అన్నారు. సెట్టును తువ్వాలలో చుట్టి, బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని హిందూపురం రైలెక్కారు. "గంజి మాత్రం మానొద్దమ్మా, నేనొచ్చేదాకా తాపుతానే ఉండు" అని గడప దగ్గర చెప్పారు. అదే ఆయన నాతో ఆఖరి మాట.

ఆయన్ను అన్న జీపులో తెచ్చాడు. అత్తను ఎత్తి చూపించాం. చూసి మొహం గోడవైపు తిప్పుకుంది. ఏడవలేదు. ఆమెకు అర్థమైందో లేదో కూడా మాకు తెలియలేదు. అప్పటి నుంచి నీళ్లు కూడా మింగలేదు. నాకు దేవుడి మీద, ఆ జరీ మీద, చెప్పకుండా పోయిన ఆయన మీద కూడా కోపం వచ్చింది. ఒకేసారి ఇద్దర్నీ పోగొట్టుకునే రాత మాకెందుకు?

సంచిలో ఆయన కొన్న కొత్త వైరు చుట్ట ఉంది. మా ఆయన దాన్ని అతికి సెట్టు తగిలించాడు. బట్టల కొట్టులో లెక్కలు చూసుకునే మనిషి, మగ్గం నేర్వలేదు. మైకులో "అమ్మా, తినమ్మా" అని ఏడ్చాడు. ఆమె కదల్లేదు.

నేను లేచి మగ్గం గదిలోకి పోయాను. నేనూ దారం కండెలు చుట్టినదాన్నే గాని గుంతలో కూర్చున్నదాన్ని కాదు. మామ అక్కగారు వాకిట్లో అడ్డం నిలబడింది. "మైల ఇంట్లో మగ్గం ముడతారా ఎవరన్నా? ఏం ఆడదానివే నువ్వు?" అంది.

"ఆమె గుడా పోయినాక రెండు మైలలూ కలిపి పడదాంలే, తప్పుకో" అన్నాను.

గుంతలోకి దిగాను. ఆయన చీర సగంలో ఉంది. నాడె ముట్టలేదు. దారాన్ని దగ్గరికి కొట్టే పలకను మాత్రం లాగి కొట్టాను. చేయి తిరగలేదు. దెబ్బకూ దెబ్బకూ పొంతన లేదు. అయినా కొట్టాను. అవతల ఏం జరుగుతోందో నాకు తెలియదు, ఆ వైరు గుండా చప్పుడు పోతుందే గాని రాదు.

చాలాసేపటికి మా ఆయన ఖాళీ గ్లాసుతో వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "నాయన చెయ్యి కాదు ఇది అన్నట్టు అమ్మ తల అడ్డంగా ఊపింది. భోరున యేడ్చింది" అన్నాడు. చేతిలో గ్లాసు చూపిస్తూ, "యేడ్సి, నోరు తెరిచింది. ఇంగో గ్లాసు తెస్తా, ఆపొద్దు" అన్నాడు.

నేను ఆపలేదు. బట్ట ఒక్క పోగు కూడా ముందుకు జరగలేదు. మామ నేసిన ఆఖరి పోగు మీదే పలక మళ్లీ మళ్లీ పడుతూ ఉంది.