ఫొటోలో బండికి పూజ

పాండురంగా, నీకు వేయి దండాలు. పిలవకముందే వినేవాడివి, అడగకముందే నడిచి వచ్చేవాడివి. ఈ నాలుగు ముక్కలు రాసేటప్పుడు నా చేత ఒక్క అబద్ధం కూడా రాయించకు తండ్రీ.

నేను దేవుణ్ణి నమ్మినవాణ్ణి. దయ్యాలను మాత్రం ఏనాడూ నమ్మలేదు. బొంబాయి కామాటిపురాలో మేముండే వరస గదుల మేడ, మా చాల్ కింది గదిలో ప్రతి శనివారం భజన జరిగేది. ఎనిమిదేళ్ళప్పటి నుంచి అక్కడ తాళాలు వాయించాను. పెద్దయ్యాక పురాణం చదివి అర్థం చెప్పాను. మెట్ల కింద ఎవరో నిలబడ్డారని, నల్లా దగ్గర ఏదో తిరుగుతోందని ఎవరైనా అంటే, అంతటా దేవుడే నిండి ఉంటే ఇంకొకరికి జాగా ఎక్కడిదని వాదించేవాణ్ణి. ఇప్పుడూ అదే అంటాను. అయినా ఎనభైల్లో, నేను మస్కట్‌కు పనికి వెళ్ళిన ఏడాది జరిగిన ఒక సంగతికి నా దగ్గర జవాబు లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మా తాతలు మహబూబ్‌నగర్ వైపు నుంచి బొంబాయికి రాళ్ళు మోయడానికి వచ్చినవాళ్ళు. నాన్న మేస్త్రీ. నేను పైపుల పని నేర్చుకున్నాను. మస్కట్‌లో ఒక కంపెనీ నన్ను సూపర్‌వైజర్‌గా తీసుకుంది. సైట్లు ఒకదానికొకటి చాలా దూరం. అందుకని ఒక షరతు పెట్టారు. మూడు నెలల్లో అక్కడి లైసెన్సు, సొంత కారు ఉండాలి. లేకపోతే తిరుగు టికెట్టే.

ఫోరస్ రోడ్డులో ట్యాక్సీ నడిపే మా మేనమామ దగ్గర డ్రైవింగ్ నేర్చుకొనే వెళ్ళాను. కానీ అక్కడ స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది, రోడ్డుకు కుడివైపున నడపాలి. రెండుసార్లు ఫెయిలై మూడోసారి పాసయ్యాను. అప్పటికి మిగిలింది ఏడు వారాలు.

బయలుదేరే ముందే అమ్మ నా దగ్గర ఒక మాట తీసుకుంది. మా గల్లీలో ఒక ఆచారం ఉంది. ఇంటికి తోపుడు బండి వచ్చినా, సైకిల్ వచ్చినా, పూజ కాకముందు దాన్ని ఎవరూ వాడరు. ఇంట్లో పెద్ద ఆడమనిషి ప్రతి చక్రం కిందా నిమ్మకాయ పెట్టి, చెయ్యి పసుపులో ముంచి బండి ముందు భాగాన అద్దాలి. పెద్దలు ఎడ్లబండ్ల మీద రాళ్ళు తోలిన కాలం నుంచి వస్తున్న పద్ధతి. మరి మస్కట్‌లో కొనే కారుకు అమ్మ చెయ్యి ఎలా అందుతుంది? దారి కూడా ఆమే చెప్పింది.

"కొనేటి గాడి ఫొటో తీసి పంపు. దానికే పూజ జేస్త. నంబర్ మంచిగ కనవడాలె."

"నీకు చదువు రాదు గదమ్మా, నంబర్ ఎందుకు?"

"నాకు గాదు రా, దేవునికి. ఇసొంటి గాడ్లు దునియాల ఎన్నున్నయో! మనది ఏదో ఆయనకు ఎర్క గావద్దా?"

పక్క ఖోలీలో ఉండే సాయవ్వ మా గడపలో నిలబడి అంతా వింటోంది. "పెట్రోలు గూడ ఫొటోలనే పోస్తవా లచ్చవ్వా?" అని పడీపడీ నవ్వింది. అమ్మ నవ్వలేదు. పూజ అయ్యేదాకా కారు నడపనని నా చేత ఒట్టు వేయించుకుంది.

మస్కట్‌లో, పని ముగించుకొని వాళ్ళ దేశం వెళ్ళిపోతున్న ఒక ఇంజనీరు దగ్గర ఎర్ర కారు చూశాను. బేరం కుదిరింది. నంబర్ ప్లేటు స్పష్టంగా పడేలా ముందు నుంచి ఫొటో తీసి ఇంటికి పంపాను. అమ్మ మా చెల్లెలితో జవాబు రాయించింది. ఫలానా శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి భజన గదిలో పూజ, అప్పుడు మీ దగ్గర ఏడున్నర అవుతుందట, నువ్వూ దండం పెట్టుకో అని.

ఆ జాబు చేరేసరికి ఎర్ర కారు నాకు లేకుండా పోయింది. ఇంజనీరు ప్రయాణం ముందుకు జరిగింది. నేను దూరపు సైట్‌లో ఉన్న రెండు రోజుల్లో, ముందు వచ్చి అడిగినవాడికి బండి ఇచ్చేసి వెళ్ళిపోయాడు. తీసుకున్నది మా క్యాంపులోనే ఉండే బాలన్. మలయాళీ, స్టోర్‌కీపర్. ఒకప్పుడు కోత మిల్లులో ఎడమచేతి బొటనవేలు సగం పోయినా, అందరికంటే వేగంగా పని చేసేవాడు. అతని మీద నాకేం కోపం లేదు. గడువు దగ్గర పడుతోందని తొందరగా ఒక తెల్ల కారు కొన్నాను.

తప్పు ఇక్కడ చేశాను. ఇంటికి రాయలేదు. పూజకు పెట్టిన బండి చేజారిందంటే మావాళ్ళు అపశకునం అంటారు. అమ్మ నన్ను వెనక్కి వచ్చేయమంటుంది. పోనీ కొత్త ఫొటో పంపి మళ్ళీ పూజ చేయిద్దామంటే, జాబు పోయి జాబు వచ్చేసరికి నెల దాటుతుంది. అంతలో నా ఉద్యోగం పోతుంది. శనివారం శనివారం సత్యం గురించి చెప్పిన నోటితోనే, ఏ బండైతేనేం, దేవునికి తెలియదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఆ శుక్రవారం మాకు సెలవు. సరిగ్గా ఏడున్నరకు తెల్ల కారు పక్కన నిలబడి, దాని మీద చెయ్యి వేసి, అమ్మ చేసే పూజ ఈ బండికి చేర్చు స్వామీ అని వేడుకున్నాను. మనసు నిలవలేదు. ఒట్టు నిలిచిందో తప్పిందో నాకే తెలియలేదు. ఆ రోజు బండి తీయలేదు.

మధ్యాహ్నం బాలన్‌ను ఎవరో వ్యాన్‌లో తీసుకొచ్చి దింపారు. పొద్దున ఏడు గంటలకు ఎర్ర కారులో ఒక్కడే బయలుదేరాడు. అరగంట దూరంలో కొండ మలుపు దగ్గర బండి పల్టీ కొట్టింది. మర్నాడు నేను వెళ్ళి చూశాను. డ్రైవరు వైపు పైకప్పు సీటు మీదికి అణిగిపోయి ఉంది. బాలన్ ఒంటి మీద మాత్రం గీత లేదు.

నన్ను పక్కకు పిలిచి హిందీలో చెప్పాడు. "భాయ్, నా పక్క సీట్లో ఒక ముసలమ్మ ఉంది. నవ్వకు."

నేను నవ్వలేదు. పొట్టి మనిషట. ఒక కాలు సీటు మీద ముడుచుకొని కూర్చుందట. ముంజేతుల నిండా పచ్చబొట్లు. బండి అదుపు తప్పగానే అతని కుడి చెయ్యి పట్టుకొని తన వైపుకు ఒక్క లాగు లాగింది. సీట్ల మీద అడ్డంగా పడ్డాడు. తల ఉండాల్సిన చోట పైకప్పు కూలింది. తేరుకొని చూస్తే పక్కన ఎవరూ లేరు.

చొక్కా కుడి చేతి మీద నాలుగు పసుపు చారలు చూపించాడు. కూర మరక కావచ్చు. అలా అనుకోవాలనే చూశాను. దగ్గరగా చూస్తే పచ్చి పసుపు వాసన వేసింది. మా అమ్మ ఎక్కడ కూర్చున్నా ఒక కాలు ముడుచుకునే కూర్చుంటుంది. ఆమె ముంజేతుల నిండా పచ్చబొట్లే. కానీ అలాంటి ముసలమ్మలు ఊరికి వందమంది ఉంటారు. బాలన్‌కు నా ఫొటో సంగతి తెలియదు. నేనూ చెప్పలేదు. ఆ శనివారం నుంచి తెల్ల కారు నడిపాను. ఉద్యోగం నిలిచింది.

మూడు వారాలకు చెల్లెలి జాబు వచ్చింది. పూజ బాగా జరిగిందట. ఒక్కటే వింత. అమ్మ నాలుగు వేళ్ళు పసుపులో ముంచి ఫొటో మీద పెట్టి, ఇక తీయలేదట. ఒక భజన మొత్తం అయిపోయేదాకా కళ్ళు మూసుకొని అలాగే ఉందట. పిలిస్తే పలకలేదట. చక్రాల కింద పెట్టినట్టు ఫొటో నాలుగు మూలలా నిమ్మకాయలు పెడితే, ఎవరూ నొక్కకుండానే ఒక మూలది పగిలిందట. తర్వాత ఆమె మణికట్టు వాచి, నాలుగు రోజులు నీళ్ళ బకెట్ ఎత్తలేకపోయిందట. "ఏదో బెణికింది అంటోంది అన్నా" అని రాసింది.

అంతా క్షేమం అని జవాబు రాశాను. ప్రమాదం గురించి గానీ, బాలన్ అనే మనిషి ఉన్నాడని గానీ ఆ జాబులోనూ రాయలేదు, తర్వాతా రాయలేదు.

ఏడాదిన్నరకు సెలవు మీద ఇంటికి వచ్చాను. పెట్టె దించాను. అమ్మ చెల్లెల్ని పాలకు పంపి, నా ముందు కాలు ముడుచుకొని కూర్చుంది.

"ఆయన మంచిగున్నడా?"

"ఎవరమ్మా?"

"ఎర్ర గాడి ఆయన. ఎడమ చెయ్యి బొటనేలు సగమే ఉంటది సూడు."

 బాగున్నాడని తల ఊపాను. నీకెలా తెలుసని అడిగాను.

"నాకేమెర్క? నంబర్ నువ్వే పంపితివి. ఆ నంబర్ మీదికే పోయిన." మణికట్టు రుద్దుకుంది. "మరి నీ గాడి ఏది? పూజ లేకుండనే ఏడాదిన్నర నడిపినవా? సిగ్గు లేదురా నీకు! పురాణం జెప్తవు మళ్ల!"

ఆ మరుసటి శుక్రవారం, నేను వెంట తెచ్చిన తెల్ల కారు ఫొటో పెట్టి పూజ చేసింది. పక్కనే కూర్చొని కళ్ళార్పకుండా చూశాను. చెయ్యి అద్దింది, తీసింది. నిమ్మకాయలు నాలుగూ నిక్షేపంగా ఉన్నాయి.

అమ్మ ఇప్పుడు లేదు. ఉన్నన్నాళ్ళూ ఎన్నిసార్లు అడిగినా, "అయ్యిందేదో అయ్యింది, బస్, చాయ్ తాగు" అనేది. బాలన్ చూసింది దయ్యాన్ని కాదు. ఆ రోజు మా అమ్మ బతికే ఉంది, భజన గదిలో ఇరవైమంది ముందు కూర్చొని ఉంది. దేవుడే ఆమె రూపంలో వెళ్ళాడందామంటే, వాచింది ఆమె చెయ్యి. నాకు తెలిసిన శాస్త్రమంతా తిప్పి చూశాను. ఇప్పటికీ తెలియదు.

ఇది చదివినవారు ఒక్క నిమిషం నాతో పాటు కళ్ళు మూసుకోండి. ఈ వేళ ఏ దేశంలోనో, ఏ మలుపు దగ్గరో ఒంటరిగా బండి నడుపుతున్నవారి కోసం అడుగుదాం. పాండురంగా, వాళ్ళ పేరు మాకు తెలియదు, నంబర్ తెలియదు. నీకు తెలుసు. వెళ్ళి పక్కన కూర్చో తండ్రీ.